రాగి గొట్టంలో సూదిబెజ్జం: పాఠం చెప్పని లోహక్షయం

ఇనుముకు తుప్పు, రాగికి చిలుము, వెండికి నలుపు అని వరుసగా చెప్పి లోహక్షయ ప్రకరణాన్ని ముగించడం మన ఉన్నత పాఠశాల పుస్తకాలకు చిరకాలంగా ఉన్న అలవాటు. జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలి ప్రచురించిన పదవ తరగతి విజ్ఞానశాస్త్ర గ్రంథంలోని ‘లోహాలు, అలోహాలు’ అనే పాఠం కూడా ఈ దారినే నడిచింది. ఆ పాఠంలో తప్పు లేదు. చెప్పిన ప్రతి మాటా నిజమే. ఐతే మచిలీపట్నంలోనో, గుడివాడలోనో, దివిసీమలోనో ఆ పాఠాన్ని శ్రద్ధగా చదివిన విద్యార్థిని, “మీ మేడమీది సౌరతాపకంలో రాగి గొట్టం మూడేళ్ళకే ఎందుకు కారింది?” అని అడిగితే, ఆ పాఠం అతనికి ఏ విధంగానూ అక్కరకు రాదు. నిజాలనే చెబుతూ ముఖ్యమైన నిజాన్ని విడిచిపెట్టిన పాఠం ఎట్లా ఉంటుందో, ఆ లోపం వల్ల ఇంటికి, ఒక్కొక్కప్పుడు ప్రాణానికి, ఏమి నష్టమో పరిశీలించడం అవసరం.

దిగువ కృష్ణా డెల్టాలో చన్నీటికి రాగి గొట్టాలు వేసే ఇళ్ళు అరుదు. ప్లాస్టిక్ గొట్టాలు, తుత్తునాగం పూత పూసిన ఇనుప గొట్టాలు ఎక్కువ. ఐతే నీరు వేడెక్కే చోటికి రాగి తప్పకుండా వచ్చి చేరుతుంది. పలక రకపు సౌరతాపకంలో ఎండను పట్టి నీటిని కాచే సన్నని గొట్టాలు రాగివి. గీజరులో ఉండే విద్యుత్ తాపక కడ్డీకి చాలా రకాల్లో పైతొడుగు రాగిదే. వసతి గృహాల్లోనూ, ఆసుపత్రుల్లోనూ వేడినీటిని తిప్పే గొట్టాలకు కూడా రాగిని వాడుతారు. పూర్వం పెరట్లో కట్టెల పొయ్యిమీద నీళ్ళు కాచుకొన్న రాగి కాగును చింతపండుతో తోమి, కడిగి, బోర్లించేవారు. దానికి చిలుము పడితే కంటికి కనబడేది. నేటి గొట్టపు గోడ ఒక మిల్లీమీటరు, చాలా చోట్ల అంతకు తక్కువ. దాని లోపలి ముఖాన్ని ఎవరూ చూడరు, ఎవరూ తోమరు. అది ఎప్పుడు చెడుతున్నదో తెలిసేది చుక్క బయటికి వచ్చిన రోజున మాత్రమే.

ఆ చుక్క చిన్నదే. క్షణానికి ఒక్క చుక్క చొప్పున కారితే, మిల్లీలీటరుకు 20 చుక్కల లెక్కన, రోజుకు నాలుగు లీటర్లకు పైగా నీరు గోడలోకి, పైకప్పులోకి దిగుతుంది. గీజరు కడ్డీ తొడుగుకు బెజ్జం పడితే అంతకన్న గొడ్డు ప్రమాదం. ఆ తొడుగు లోపల వేడితీగ చుట్టూ మెగ్నీషియం ఆక్సైడు పొడిని కూరి ఉంచుతారు. పొడిగా ఉన్నంతకాలం అది విద్యుత్తును ఆపుతుంది. తడి తగిలితే ఆ గుణం పోయి, తీగలోని విద్యుత్తు నీటిలోకి, నీటి నుంచి స్నానం చేసే మనిషికి చేరే వీలు ఏర్పడుతుంది. లోహక్షయం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నతో తీరిపోయే విషయం కాదని దీనివల్లనే తెలుస్తున్నది.

పుస్తకం చెప్పినది

పుస్తకంలో ఈ భాగానికి ప్రాణం మూడు పరీక్షనాళికల ప్రయోగం. మొదటి నాళికలో ఇనుప మేకులు, నీరు, గాలి ఉంటాయి. రెండవ దానిలో కాచిన స్వేదనజలం, దానిమీద నూనె పొర ఉంటాయి. కాబట్టి అక్కడ నీరే గాని గాలి లేదు. మూడవ దానిలో తేమను పీల్చే అనార్ద్ర కాల్షియం క్లోరైడు ఉంటుంది. అక్కడ గాలే గాని తేమ లేదు. కొన్నిరోజులకు మొదటి నాళికలోని మేకులు మాత్రమే తుప్పు పడతాయి. తుప్పుకు నీరు, గాలి రెండూ కావాలని విద్యార్థి తన కళ్ళతో చూసి నేర్చుకొంటాడు. ఒక్కొక్క కారణాన్ని తొలగించి ఫలితాన్ని పోల్చే ఈ పద్ధతి విజ్ఞానశాస్త్రానికి మూలం. ఇంత తక్కువ సామగ్రితో ఇంత స్పష్టంగా బోధించే ప్రయోగాలు పుస్తకంలో ఎక్కువ లేవు. ఈ ప్రశంస దానికి పూర్తిగా తగును.

లోపం ఆ ప్రయోగం అడగని ప్రశ్నలో ఉన్నది. మేకు తుప్పు పట్టిందా లేదా అని అది అడుగుతుంది. మేకుమీద ఎక్కడ పట్టింది, అక్కడే ఎందుకు పట్టింది అని అడగదు. తలవద్దనో, మొనవద్దనో, నీటిమట్టపు అంచునో తుప్పు ముందు కనబడుతుండగా, పుస్తకం మేకునంతా ఒకే వస్తువుగా చూసి దాటిపోతున్నది. రాగి సంగతి మరీ క్లుప్తం. తేమగల బొగ్గుపులుసు వాయువుతో కలిసి రాగి తన మెరుపును కోల్పోతుందని, దానిమీద ఆకుపచ్చని క్షార కార్బొనేటు పొర ఏర్పడుతుందని చెప్పి ఊరుకొన్నది. ఇది విగ్రహానికీ, చెంబుకూ సరిపోయే మాట. దీనిని చదివిన విద్యార్థి మనస్సులో రెండు అభిప్రాయాలు స్థిరపడతాయి: లోహక్షయమంటే లోహం పైభాగమంతా సమానంగా అరిగిపోవడమని, రాగికి సంబంధించినంతవరకు అది అందానికి వచ్చిన చేటేగాని బలానికి వచ్చిన చేటు కాదని. ఈ రెండూ గొట్టం విషయంలో తలకిందులవుతాయి.

లక్షలో ఒక పాలైనా లేని నష్టం

ఒక చిన్న లెక్క చూస్తే సంగతి తెలుస్తుంది. 15 మిల్లీమీటర్ల వెలుపలి వ్యాసం, ఒక మిల్లీమీటరు మందం గల రాగి గొట్టాన్ని ఒక మీటరు పొడవు తీసుకొందాం. రాగి సాంద్రత 8.96 గనుక దాని బరువు సుమారు 394 గ్రాములు. దాని గోడకు శంకువు ఆకారంలో, ఒక మిల్లీమీటరు వెడల్పుతో, ఒక మిల్లీమీటరు లోతు గుంట పడి చిల్లి అయినదనుకొందాం. ఆ గుంటలో పోయిన రాగి బరువు 2.3 మిల్లీగ్రాములు. అంటే మొత్తం లోహంలో లక్షకు ఒక పాలైనా నష్టం కాలేదు. ఐనా గొట్టం పనికిరాకుండా పోయింది.

అదే 2.3 మిల్లీగ్రాముల రాగి గొట్టం లోపలి ముఖం నుంచి సమానంగా కరిగిపోయి ఉంటే, గోడ మందంలో తగ్గేది మిల్లీమీటరులో లక్షన్నర వంతు మాత్రమే. ఎవరూ గుర్తించలేరు. కాబట్టి ఎంత లోహం పోయిందన్న ప్రశ్నకన్న, పోయినది ఒకే చోట పోయిందా అన్న ప్రశ్న వేయిరెట్లు ముఖ్యమైనది. మన పాఠం మొదటి ప్రశ్నవద్దనే ఆగిపోయింది.

మచిలీపట్నపు విద్యార్థికి దీనిని వివరించడానికి దూరపు ఉదాహరణ అక్కరలేదు. చిలకలపూడి బంగారు పూత నగలు దేశమంతటా ప్రసిద్ధం. రాగిమీద, రాగి మిశ్రమాలమీద పలుచని బంగారు పూత వేసి చేసే నగల్లో, పూత ఎక్కడా తెగకుండా ఉన్నంతకాలం మెరుపు చెడదు. పూతలో ఒక సన్నని రంధ్రం ఉంటే, చెమటలోని ఉప్పు తగిలి ఆ రంధ్రం అడుగున ఉన్న రాగి కరగడం ప్రారంభిస్తుంది. చుట్టూ ఉన్న విశాలమైన బంగారు ముఖం ఆ చిన్న చుక్కనుంచి ఎలక్ట్రానులను లాగుతుంది. మెడమీద పచ్చని మరక ఏర్పడుతుంది. కరిగే చోటును ఆనోడు అని, ఎలక్ట్రానులను ఆమ్లజనికి అందించే చోటును కాథోడు అని అంటారు. చిన్న ఆనోడుకు పెద్ద కాథోడు తోడైతే నష్టమంతా ఆ చిన్న చోటనే పోగుపడుతుంది. రాగి గొట్టంలో బంగారం లేదు గాని, ఇదే నాటకం నడుస్తుంది.

గుంట పుట్టే తీరు

రాగికి ఆమ్లాలనుంచి ఉదజనిని వెళ్ళగొట్టే శక్తి లేదు. దాని ప్రమాణ పొటెన్షియల్ ఉదజనికన్న 0.34 వోల్టులు ఎక్కువ. ఐతే నీటిలో కరిగిన ఆమ్లజని రాగిని ఆక్సీకరణం చేయగలదు. మంచినీరు నింపిన కొత్త గొట్టంలో ముందుగా జరిగేది ఇదే. దానివల్ల ఎర్రని క్యుప్రస్ ఆక్సైడు పొర ఒకటి లోపలి ముఖమంతా పరచుకొంటుంది. ఈ పొర శత్రువు కాదు, కవచం. ఇది నిండుగా, ఎడతెగకుండా ఏర్పడితే గొట్టం దశాబ్దాలు మన్నుతుంది.

కవచం ఎక్కడైనా పగిలినా, ఏర్పడకపోయినా అక్కడ రాగి క్యుప్రస్ అయానులుగా కరుగుతుంది. నీటిలోని క్లోరైడు వాటితో కలిసి క్యుప్రస్ క్లోరైడుగా మారుతుంది. అది నీటితో చర్య జరిపి తిరిగి ఆక్సైడు అవుతూ ఆమ్లాన్ని, క్లోరైడును విడుదల చేస్తుంది. విడుదలైన క్లోరైడు మళ్ళీ అదే పనికి పూనుకొంటుంది. గుంటలోపల ఆమ్లం పెరుగుతున్నకొద్దీ కరగడం సులభమవుతుంది. పైకి వచ్చిన రాగి అయానులు నీటిలోని బైకార్బొనేటుతోనో, సల్ఫేటుతోనో కలిసి ఆకుపచ్చని గుట్టగా పేరుకొంటాయి. ఆ గుట్ట గుంటకు మూత. మూతవల్ల లోపలి ఆమ్లం బయటి నీటిలో కలిసి పలుచబడదు. పుస్తకం అందాన్ని చెరిపే పొరగా చెప్పిన ఆకుపచ్చని పదార్థం ఇక్కడ లోపలి చెరుపును కాపాడే గొడుగుగా పనిచేస్తున్నది.

ఈ విషయాన్ని శాస్త్రజ్ఞులు ఒక్కసారిగా గ్రహించలేదు. బ్రిటన్‌లో హెచ్. ఎస్. క్యాంప్‌బెల్ 1950లో ఒక ముఖ్యమైన కారణాన్ని బయటపెట్టాడు. గొట్టాన్ని సాగదీసేటప్పుడు వాడిన నూనె, తరువాత వేడిచేసి మెత్తబరిచేటప్పుడు మాడి, లోపలి ముఖంమీద బొగ్గుపొరగా మిగిలిపోతున్నదని, అది పెద్ద కాథోడుగా పనిచేసి పొర తెగిన చోట్ల గుంటలు పుట్టిస్తున్నదని చూపాడు. నేరం నీటిదే అనుకొన్న చోట గొట్టం తయారీకి కూడా భాగం ఉన్నదని తేలింది. గుంటలోపలి రసాయన క్రమాన్ని వి. ఎఫ్. లూసీ 1967లో వివరించాడు. ఈ రకపు గుంటలు ఎక్కువగా చన్నీటిలో, బావులనుంచి వచ్చే కఠినజలంలో కనబడతాయి.

వేడినీటి సంగతి వేరు. స్వీడన్‌లో మాట్సన్, ఫ్రెడ్రిక్‌సన్ అనే ఇద్దరు 1968లో దీనిని విడమరచి చెప్పారు. నీటి వేడి 60 డిగ్రీల సెంటీగ్రేడుకు మించి, పి.హెచ్. విలువ 7.4కు తగ్గి, బైకార్బొనేటుకన్న సల్ఫేటు ఎక్కువగా ఉన్న మృదుజలంలో ఈ రెండవ రకపు గుంటలు పుడతాయి. ఇవి ఇరుకుగా, లోతుగా ఉంటాయి. మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా ప్రమాదం తగ్గుతుంది. ఇంకొక మార్గం వేగం. వేడినీరు వడిగా పరుగెత్తితే ఆక్సైడు పొరను కొట్టుకొనిపోతుంది. గొట్టాన్ని కోసినప్పుడు లోపలి అంచున మిగిలిన కొక్కెం లాంటి గరుకును గీకి తీయకపోతే, దాని వెనుక సుడి ఏర్పడి అక్కడే గోడ అరుగుతుంది. నాలుగవది అతుకులవద్ద మిగిలిన టాంకం మందు. అది గొట్టం అడుగుకు జారి గీతగా గడ్డకట్టి, ఆ గీత పొడవునా గుంటలు పుట్టిస్తుంది.

“ఉప్పునీరు తినేసింది”

పుస్తకం విడిచిన ఖాళీని లోకం తనకు తోచిన మాటతో నింపుకొంటుంది. ఈ ప్రాంతంలో ఆ మాట, “ఉప్పునీరు తినేసింది” అన్నది. 1864లో బందరు ఉప్పెనను, 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెనను చూసిన నేలలో, బోరు వేస్తే చాలాచోట్ల ఉప్పన పడే నేలలో, ప్రతి లోహనష్టానికీ సముద్రాన్ని తలచుకోవడం సహజమే. ఇందులో కొంత నిజం కూడా ఉన్నది. గుంట నడవడానికి క్లోరైడు కావాలని పైన చూశాము. ఐతే దీనిని పూర్తి కారణంగా ఒప్పుకోవడానికి రెండు అడ్డంకులున్నాయి.

మొదటిది చరిత్ర. పద్దెనిమిదవ శతాబ్దపు చివరి నుంచి బ్రిటిషు యుద్ధనౌకల అడుగుకు రాగి రేకులు తొడిగేవారు. ఆ రేకులు ఏళ్ళ తరబడి సముద్రంలోనే ఉండేవి. అవి చాలావరకు పలుచగా, మెల్లగా అరిగిపోయేవి. ఆ అరుగుదలను ఆపడానికి సర్ హంఫ్రీ డేవీ 1824లో రాగికి తుత్తునాగపు, ఇనుపపు ముక్కలను తగిలించి చూశాడు. రాగి అరగడం ఆగింది గాని, కరిగే రాగి విషం లేకపోవడంతో నాచు, నత్తలు వచ్చి అంటుకొన్నాయి. తిన్నగా అరిగితే లోహం ఉప్పునీటిలో కూడా చాలాకాలం పనిచేస్తుందని ఈ కథ తెలుపుతున్నది. రెండవ అడ్డంకి స్వీడన్. అక్కడ వేడినీటి గొట్టాలకు బెజ్జాలు పడిన నీరు ఉప్పన కాదు, కఠినమూ కాదు. కాబట్టి ఉప్పు ఉన్నచోట బెజ్జం తప్పదనీ చెప్పలేము. ఉప్పు లేనిచోట బెజ్జం రాదనీ చెప్పలేము.

డెల్టా నీటిని అసలు ఒకే నీరుగా చూడడం సరికాదు. విజయవాడ ప్రకాశం బరాజు నుంచి బందరు కాలువ ద్వారా, పులిగడ్డ అక్విడక్టు దాటి దివిసీమకు చేరే కాలువల ద్వారా వచ్చే నీరు ఒకటి. కాలువ కట్టే వేసవికి ముందు దానిని చెరువుల్లో నిలువచేసుకొని వాడుకొంటారు. నిలువలో ఆవిరైపోయినకొద్దీ లవణాలు చిక్కబడతాయి. బోరు నీరు ఇంకొకటి. ఇసుక నేలల్లో పైన పలుచగా తేలే మంచినీటి కింద ఉప్పునీరు ఉంటుంది. సముద్రమట్టానికి ఒక మీటరు ఎత్తున నిలిచిన మంచినీరు తన కింద సుమారు 40 మీటర్ల లోతుదాకా ఉప్పునీటిని అణచి ఉంచుతుందని ఒక సూత్రం. మోటారు పెట్టి ఎక్కువ తోడితే కింది ఉప్పు పైకి వస్తుంది. మేడమీది ఒకే తొట్టెలో ఒక నెల కాలువ నీరు, ఒక నెల బోరు నీరు పడితే, ఒక నీటిలో కుదిరిన పొర రెండవ నీటికి తగినది కాకపోవచ్చును.

కాలువ నీటికి కూడా ఒక మెలిక ఉన్నది. బురదను తేర్చడానికి పటిక కలుపుతారు. ఒక్కొక్క మిల్లీగ్రాము పటిక, కాల్షియం కార్బొనేటు లెక్కలో, సుమారు అర మిల్లీగ్రాము క్షారత్వాన్ని హరించి, అర మిల్లీగ్రాము సల్ఫేటును చేరుస్తుంది. లీటరుకు 40 మిల్లీగ్రాములు కలిపితే క్షారత్వం 20 తగ్గి, సల్ఫేటు సుమారు 20 పెరుగుతుంది. బొగ్గుపులుసు వాయువు విడుదలై పి.హెచ్. కొంత దిగుతుంది. బైకార్బొనేటు తగ్గడం, సల్ఫేటు పెరగడం, పి.హెచ్. దిగడం అనే మూడూ వేడినీటి గుంటకు అనుకూలించే దిశలోనివే. క్షారత్వం ఎక్కువగా ఉన్న నీటికి దీనివల్ల నష్టం లేదు. తక్కువగా ఉన్న నీటికి తగినంత సున్నం కలిపి సరిదిద్దవలెను. భారతీయ ప్రమాణం 10500 ప్రకారం తాగే నీటిలో సల్ఫేటు లీటరుకు 200 మిల్లీగ్రాములు, క్లోరైడు 250 మిల్లీగ్రాములు, పి.హెచ్. 6.5 నుంచి 8.5 వరకు ఉండవచ్చును. బైకార్బొనేటు 40, సల్ఫేటు 60, పి.హెచ్. 7 ఉన్న నీరు ఈ పరీక్షలో హాయిగా నెగ్గుతుంది. వేడి రాగి గొట్టానికి మాత్రం అది మంచి నీరు కాదు. మనిషికి మంచిదైనది లోహానికి కూడా మంచిదే కావాలనే నియమం లేదు.

నీటికి సంబంధించని కారణం ఒకటి ఇంటి ఆచారంలో ఉన్నది. కొత్త ఇంట్లో గొట్టాలు బిగించి, చేతికి అందిన బోరు నీరు నింపి పరీక్షించి, అట్లాగే వదిలివేస్తారు. గృహప్రవేశానికి మూఢం అడ్డుపడితేనో, ఆషాఢం వస్తేనో నెలలు గడుస్తాయి. ఈలోగా ఒండు మట్టి గొట్టం అడుగుకు దిగి, దాని కింద కవచం సరిగా కుదరక, గుంటలకు బీజం పడుతుంది. పిల్లలు విదేశాల్లో ఉండి ఏడాదిలో పదినెలలు తాళం వేసి ఉండే ఇళ్ళ సంగతీ ఇంతే. గొట్టం వాడుకవల్ల చెడిందనుకొంటారు; నిజానికి అది వాడకపోవడం వల్ల చెడి ఉండవచ్చును.

విరుగుడులు, వాటి విలువ

కారణాన్ని ఒకే మాటలో చెప్పినప్పుడు విరుగుడును కూడా ఒకే వస్తువుగా అమ్మడం సులభమవుతుంది. నీటిని మెత్తబరిచే యంత్రం ఇందుకు ఉదాహరణ. అది కాల్షియం, మెగ్నీషియంలను తీసుకొని వాటి బదులు సోడియంను ఇస్తుంది. గొట్టంలో సున్నపుగార పేరుకోకుండా ఉండడానికి అది నిజంగా ఉపకరిస్తుంది. క్లోరైడును గాని, సల్ఫేటును గాని అది తాకనైనా తాకదు. ఉప్పదనం తగ్గుతుందని దానిని కొన్నవారు మోసపోతారు. వడపోత యంత్రం నుంచి వచ్చే, లవణాలు దాదాపు పోయిన నీటిని రాగి గొట్టంలోకి పంపడం కూడా మంచిది కాదు. అందులో పి.హెచ్.ను నిలబెట్టే బైకార్బొనేటు మిగలదు.

బెజ్జంమీద బంకముద్ద అంటించడం రెండవ విరుగుడు. ఒక్క రాత్రి గడవడానికి అది చాలు. ఐతే ఒక గుంట గోడను దాటిందంటే, అదే వయస్సు గల మరికొన్ని గుంటలు దారిలో ఉన్నాయని అర్థం. ఆ ముక్కను కోసి, నిలువునా చీల్చి చూస్తే కారణం చాలావరకు తానే చెబుతుంది. లోపల నల్లని పొర, దానిమీద ఆకుపచ్చని గుట్టలు ఉంటే తయారీలో మిగిలిన బొగ్గును అనుమానించవలెను. గుర్రపు డెక్క ఆకారంలో నున్నగా, మెరుస్తూ గుంటలుంటే వేగం. అతుకు దగ్గరనుంచి అడుగున పచ్చని గీత సాగితే టాంకం మందు. మట్టి కింద వరుసగా ఉంటే నిలువనీరు. ఈ ముక్కను పారవేసి కొత్తది బిగించడం వైద్యుడు రోగిని చూడకుండానే మందు ఇచ్చినట్లు అవుతుంది.

ఆచరణలో ఫలమిచ్చే జాగ్రత్తలు ఖర్చులేనివి. కొత్త గొట్టాలను శుభ్రమైన నీటితో బాగా కడిగి, వెంటనే వాడుకలోకి తేవలెను. ఆలస్యమైతే పూర్తిగా వంచి ఆరబెట్టవలెను. గొట్టం కోసిన అంచును లోపల గీకవలెను. టాంకం మందును పలుచగా రాసి, అతుకు చల్లారిన తరువాత వేడినీటితో కడగవలెను. గీజరు వేడిని 60 డిగ్రీలవద్ద ఉంచడం మేలు. 75, 80కి పెంచితే గుంటకూ, గారకూ సాయమవుతుంది. మరీ గోరువెచ్చగా నిలువ ఉంచితే అపాయకరమైన సూక్ష్మజీవులు పెరుగుతాయి. పంపు పెట్టి వేడినీటిని తిప్పే వసతి గృహాల్లో, 60 డిగ్రీలు దాటిన నీటి వేగం క్షణానికి ఒక మీటరు లోపే ఉండవలెను. సౌరతాపకంలో నీరు తనంతట తానే మెల్లగా పైకి ఎక్కుతుంది గనుక అక్కడ వేగాన్ని నిందించడం తగదు. బోరు నీరు తప్పనిచోట, రాగి గొట్టాల్లో వేరే శుద్ధమైన నీరు తిరుగుతూ, తొట్టెలోని వాడుక నీటికి వేడిని మాత్రమే అందించే రకపు తాపకాన్ని ఎంచుకోవలెను.

రాగి, పూత ఇనుము కలిసిన చోట నీటి దారిని చూసుకోవలెను. ముందు ఇనుము, తరువాత రాగి ఉండవచ్చును. ముందు రాగి, తరువాత ఇనుము కూడదు. రాగి నుంచి కరిగివచ్చిన అతిస్వల్పమైన అయానులు తుత్తునాగంమీద పేరుకొని, అక్కడ చిన్న చిన్న ఘటాలై ఇనుప గొట్టానికి చిల్లులు పెడతాయి. ఇనుప తొట్టె గల గీజరులో డేవీ తుత్తునాగానికి వారసుడుగా ఒక మెగ్నీషియం కడ్డీ ఉంటుంది. అది తాను కరిగి తొట్టెను కాపాడుతుంది. కరిగిపోయిన తరువాత మార్చవలెనని చాలామందికి తెలియదు. అన్నిటికన్న ముందు గీజరుకు సరియైన ఎర్తింగు, విద్యుత్తు కారితే క్షణంలో సరఫరాను తెంచే పరికరం తప్పనిసరి. లోహాన్ని కాపాడడంలో పొరపాటు జరిగినా మనిషిని కాపాడేవి ఇవే.

ఇంటివారు చేయలేనిది నీటి సరఫరా సంస్థ చేయవచ్చును. అమెరికాలో మేరీల్యాండ్ రాష్ట్రపు రెండు కౌంటీలకు నీరందించే వాషింగ్టన్ సబర్బన్ సంస్థ, రాగి గొట్టాల బెజ్జాలపై ఫిర్యాదులు పెరగగా, 2003లో నీటికి స్వల్పంగా ఫాస్ఫేటు కలపడం ప్రారంభించింది. అది గొట్టం లోపల రక్షక పొర కుదరడానికి తోడ్పడుతుంది. మన ఊళ్ళలో వెంటనే ఇది కావాలని అర్థం కాదు. పటిక వేసిన నీటి క్షారత్వాన్ని, సల్ఫేటును, పి.హెచ్.ను కలిపి చూసుకొని సరిదిద్దడం మాత్రం ఎక్కడైనా చేయదగినదే.

తరగతిలో చేర్చవలసినది

పాఠాన్ని విమర్శించినప్పుడు దాని బదులు ఏమి చెప్పాలో చూపడం న్యాయం. రెండు ప్రయోగాలు చాలును. మొదటిది కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు యు. ఆర్. ఎవాన్స్ పేరుతో ప్రసిద్ధమైన చుక్క ప్రయోగం. గరుకు కాగితంతో రుద్దిన ఇనుప పలకమీద, ఫినాఫ్తలీన్, పొటాషియం ఫెర్రిసయనైడు కొద్దిగా కలిపిన ఉప్పునీటి చుక్క ఒకటి పెద్దదిగా వేయవలెను. కొంతసేపటికి గాలి బాగా అందే అంచు గులాబీ రంగు పొందుతుంది. గాలి తక్కువైన నడిబొడ్డు నీలి రంగు పొందుతుంది. ఇనుము కరిగే చోటు, ఆమ్లజని ఖర్చయ్యే చోటు వేరువేరని ఒకే చుక్కలో తెలుస్తుంది. ఫెర్రిసయనైడును వేడిచేయరాదు, గాఢ ఆమ్లాలతో కలపరాదు. రాగి గుంట ఇంతకన్న చిక్కైనదే. ఐనా ఒకే లోహంమీద ఆనోడు, కాథోడు పక్కపక్కన ఉండగలవన్న మూలభావం ఇక్కడ కంటికి కనబడుతుంది.

రెండవది మరింత సులభం. ఒకే రకపు రెండు ఇనుప మేకులు, ఉప్పునీటితో రెండు గాజు గ్లాసులు తీసుకోవలెను. ఒక మేకుకు చిన్న రాగి తీగ ముక్కను, రెండవ దానికి వెడల్పైన రాగి రేకును తగిలించి నీటిలో ఉంచవలెను. కొన్నిరోజులకు వెడల్పు రేకు తగిలించిన మేకు ఎక్కువగా చెడుతుంది. మేకు అదే, నీరు అదే, ఉప్పు అదే. మారినది కాథోడు వైశాల్యం ఒక్కటే. “ఉప్పునీరు తినేసింది” అన్న మాటకు ఈ రెండు గ్లాసులే జవాబు.

ఊళ్ళో గొట్టాలు బాగుచేసే మేస్త్రీ వద్ద చెడిపోయిన రాగి ముక్కలు దొరుకుతాయి. వాటిలో ఒకదానిని నిలువునా చీల్చి తరగతి బల్లమీద పెడితే, మూడు పరీక్షనాళికల పక్కన నాలుగవ పాఠం సిద్ధమవుతుంది. తుప్పుకు గాలి, నీరు కావాలని మొదటి మూడూ చెబుతాయి. అవి అంతటా ఉన్నా చిల్లి ఒక్కచోటనే ఎందుకు పడిందో ఆ ముక్కను తిప్పి తిప్పి చూసి విద్యార్థులే చెప్పవలసి ఉంటుంది.